కంపెనీ నేలమీద కుదురుకున్న ఊరు

ఏ దేశపు భూగోళ గ్రంథం తెరచి చూచినా ఒక ప్రాంతాన్ని పరిచయం చేసే పద్ధతి ఒక్కటే. మొదట నేల, తరువాత జనం, చివర జీవిక. ఎల్లలు, నదులు, వాతావరణం ఒక పేరాలో ముగుస్తాయి. జనసంఖ్య, జాతులు, భాషలు రెండవ పేరాలోకి వస్తాయి. గనులు, కర్మాగారాలు, పంటలు మూడవదానిలో సర్దుకుంటాయి. అనువాదమే వృత్తిగా గల నేను ఇటువంటి వ్యాసాలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి ఎన్నో తెచ్చాను. ఈ పనిలో కష్టం తక్కువ, విసుగు ఎక్కువ. అంకెలను అనువదించనక్కరలేదు, నదుల పేర్లనూ అనువదించనక్కరలేదు.

అయినా రష్యాలోని నొవొసిబీర్స్క్ ప్రాంతాన్ని గురించిన ఒక చిన్న వ్యాసం ఆ మధ్య నన్ను పది రోజులు నిలబెట్టింది. అందులోని ఒక్క వాక్యమే అందుకు కారణం. ఆ ప్రాంతానికి రాజధాని అయిన మహానగరం 1893లో ఓబ్ నదిమీద రైలు వంతెన కట్టడానికి వచ్చిన కూలీల 'సెటిల్‌మెంట్'గా మొదలయిందన్నది ఆ వాక్యం.

సెటిల్‌మెంట్ అన్న మాటకు నిఘంటువులో అర్థాలకు కొదవ లేదు. కానీ నేను పుట్టి పెరిగిన ఊళ్లో ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ అని రెండు పేటలు ఉన్నాయి. నాకు ఆ మాట నిఘంటువులోది కాదు. ఉత్తరాల మీద రాసుకున్న చిరునామాలోది. ఆ ఊరు ఖరగ్‌పూర్. పశ్చిమ బెంగాల్‌లో, హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో, మద్రాసు వైపు దారి, నాగపూర్ వైపు దారి చీలిపోయే చోట ఉన్న రైల్వే పట్టణం. మా తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుంచి అక్కడికి ఖలాసీగా వెళ్లారు. మా నాన్నగారు అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేశారు. నేను అక్కడే ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నాను.

సైబీరియా ప్రాంతాన్ని వర్ణించిన ఆ మూడు శీర్షికల కిందనే మా ఊరిని కూడా వర్ణించి చూస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన నాకు ఆ పది రోజుల్లోనే కలిగింది.

నేల

నొవొసిబీర్స్క్ ప్రాంతం పశ్చిమ సైబీరియా మైదానంలో ఆగ్నేయ దిక్కున ఉంది. వైశాల్యం దాదాపు 1,78,000 చదరపు కిలోమీటర్లు. అంటే నేటి ఆంధ్రప్రదేశ్ కంటె కొంచెం పెద్దది. జనాభా మాత్రం 2021 లెక్కల ప్రకారం 28 లక్షలకు లోపు; అందులో సగానికి మించినవారు ఒక్క నొవొసిబీర్స్క్ నగరంలోనే ఉన్నారు. పడమట బరబా అనే గడ్డిమైదానం, ఆ మైదానంలో చానీ అనే ఉప్పదనం గల పెద్ద సరస్సు, ఉత్తరాన వాస్యుగన్ చిత్తడి నేలలు, తూర్పు భాగాన ఓబ్ నది. శీతకాలంలో ఆ నది గడ్డకట్టుకుపోతుంది.

ఈ నేలమీద నగరం వెలియడానికి ఒక ఇంజనీరు నిర్ణయం కారణమయింది. ట్రాన్స్ సైబీరియన్ రైలుమార్గం ఓబ్ నదిని ఎక్కడ దాటాలో నిర్ణయించిన సర్వే బృందానికి నాయకుడు గారిన్ మిహైలోవ్‌స్కీ. ఆయన ఇంజనీరే కాక పేరుపొందిన రచయిత కూడా. నది ఇరుకుగా, అడుగున రాతిపరుపు ఉన్న చోటును ఆయన ఎంచుకున్నారు. తత్ఫలితంగా అప్పటికే ప్రసిద్ధమైన తోమ్‌స్క్ నగరం ప్రధాన మార్గానికి దూరమయింది. ఊరూ పేరూ లేని నదీతీరం మహానగరమయింది. వంతెన 1897లో పూర్తయింది. 1903లో ఆ కూలీల ఊరికి పట్టణ హోదా వచ్చింది. 1926లో ఇప్పటి పేరు పెట్టారు. 1962 నాటికి జనాభా పది లక్షలు దాటింది. స్టేషను ఎదుటి కూడలికి ఇప్పటికీ ఆ ఇంజనీరు పేరే ఉంది.

ఇక మా ఊరు. ఛోటా నాగపూర్ పీఠభూమి తూర్పుగా వాలుతూ వచ్చి గంగా డెల్టాలో కలిసే అంచుమీద ఖరగ్‌పూర్ ఉంది. తూర్పున నల్లని వరిమాగాణి, చెరువులు, వరదలు. పడమట ఎర్రని గొరుసురాతి నేల, సాల వృక్షాల అడవి, సంతాల్ గ్రామాలు. ఊరికి ఉత్తరాన కంసావతి నది. దాని ఆవలి గట్టున జిల్లా కేంద్రమైన మేదినీపూర్. ఈ జిల్లా ఒకప్పుడు అవిభక్తంగా ఉండేది. 2002లో తూర్పు, పశ్చిమ మేదినీపూర్ జిల్లాలుగా చీలింది. 2017లో ఝార్‌గ్రామ్ వేరయింది. ఖరగ్‌పూర్ పశ్చిమ మేదినీపూర్‌లో ఉంది. చైత్ర వైశాఖాల్లో సాయంకాలం ఉన్నట్టుండి కాల్‌బైశాఖీ గాలివాన వస్తుంది. మా అమ్మ దాన్ని 'వైశాఖం గాలి' అనేది. ఎర్రదుమ్ము ఇల్లంతా నిండుతుంది. ఆ తరువాత గంటసేపు హాయిగా చల్లబడుతుంది.

ఊరి పేరు ఇందా పేటలోని ఖడ్గేశ్వర స్వామి గుడి మూలంగా వచ్చిందని పెద్దలు చెబుతారు. గుడి పాతదే, కాని ఊరు కొత్తది. 1901 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నవారు మూడున్నర వేల చిల్లర. 2011 నాటికి ఒక్క పురపాలక పరిధిలోనే రెండు లక్షలు దాటారు. ఈ పెరుగుదలకు నది కారణం కాదు, రేవు కారణం కాదు, పంట కారణం కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ తన మార్గాలను కలిపే కూడలిగా ఆ ఎర్రనేలను ఎంచుకున్నది. వరదనీరు నిలవని గట్టి నేల అది. అక్కడ స్టేషను, యార్డు, పెద్ద వర్క్‌షాపు కట్టింది. వాటి చుట్టూ మనుషులను ఉంచడానికి వరుసలుగా ఇళ్లు కట్టింది. మొదట కట్టిన వరుసలు ఓల్డ్ సెటిల్‌మెంట్. తరువాతివి న్యూ సెటిల్‌మెంట్.

చిన్నప్పుడు మా ఊరికి ప్రపంచంలో ఒక స్థానం ఉండేది. స్టేషనులోని 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం ప్రపంచంలోకెల్లా పొడవైనదని జనరల్ నాలెడ్జి పుస్తకాలన్నింటిలో ఉండేది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి ఆ స్థానాన్ని తీసుకున్నాయి. మా ప్లాట్‌ఫారం ఒక్క అంగుళమైనా తగ్గలేదు. పుస్తకాల్లో మాత్రం పేరు పోయింది. ఊళ్ల గొప్పతనాన్ని అంకెలతో కొలిస్తే జరిగేది ఇదే.

జనం

సైబీరియా వ్యాసంలో జనాన్ని గురించి నాలుగు వాక్యాలున్నాయి. అత్యధికులు రష్యన్లు, వారితోపాటు జర్మన్లు, ఉక్రెయినియన్లు, తాతారులు, కజఖులు. ఈ జర్మన్లు అంత దూరం ఎందుకు వెళ్లారో ఆ వ్యాసం చెప్పలేదు. 1941లో స్టాలిన్ ప్రభుత్వం వోల్గా తీరపు జర్మన్లను మూకుమ్మడిగా సైబీరియాకు, కజఖ్‌స్తాన్‌కు తరలించిన చరిత్ర తెలిసినవారికి ఆ ఒక్క మాట వెనుక ఎన్ని రైలుపెట్టెలున్నాయో బోధపడుతుంది. జాతుల పట్టికలో ప్రతి పేరు వెనుకా ఒక ప్రయాణం ఉంటుంది.

ఖరగ్‌పూర్ పట్టికలో బెంగాలీ, హిందీ, ఒడియా, పంజాబీ, గుజరాతీ, తమిళం, సంతాలీ మాట్లాడేవారితోపాటు తెలుగువారు ఉంటారు. మా ఊరిని అందరూ 'చిన్న భారతదేశం' అని పిలుస్తారు. తెలుగువారు అంత పెద్ద సంఖ్యలో అక్కడికి చేరడానికి కారణం కూడా రైలే. బెజవాడ నుంచి కటకం దాకా తూర్పుతీరపు రైలుమార్గ నిర్మాణం 1893లో, అంటే సరిగ్గా ఓబ్ వంతెన పనులు మొదలైన ఏడే ఆరంభమయింది. 1902లో ఆ మార్గపు ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆనాటి గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెలకూ ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకూ మధ్య ఒకే కంపెనీ పట్టాలు పరుచుకున్నాయి. ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దూరం ఒక రాత్రి ప్రయాణమయింది.

అయితే రైలు ఉన్నంత మాత్రాన మనిషి ఊరు వదలడు. మా తాతగారిని ఎందుకు వచ్చావని ఎవరైనా అడిగితే ఆయన జవాబు ఒక్కటే: "అక్కడ మనదేటి లేదు గనక." ఉత్తరాంధ్రలో భూమి జమీందార్లది. 1802లో బ్రిటిష్‌వారు ఆ ప్రాంతంలో అమలు చేసిన శిస్తు ఏర్పాటును 'పర్మనెంట్ సెటిల్‌మెంట్' అంటారు. అది మొదట 1793లో పుట్టింది బెంగాల్‌లోనే. ఆ సెటిల్‌మెంటులో సెంటు భూమి దక్కనివారి మనుమలు, మునిమనుమలు, కూలికోసం కొందరు బర్మాకు ఓడెక్కారు. కొందరు అస్సాం తేయాకు తోటలకు పోయారు. కొందరు రైలెక్కి ఈ సెటిల్‌మెంటుకు వచ్చారు. ఒకే మాట మా వాళ్లను ఒక ఊరి నుంచి వెళ్లగొట్టి, మరొక ఊళ్లో చేర్చుకున్నది.

తెలుగునాట ఈ మాటకు ఇంకొక చేదు అర్థం కూడా ఉన్నది. 1871 నుంచి వచ్చిన చట్టాలతో కొన్ని కులాలమీద 'నేరస్థ జాతులు' అన్న ముద్రవేసి, స్టువర్టుపురంవంటి చోట్ల కాపలాతో నివసింపజేసిన ప్రభుత్వం ఆ ఊళ్లకు పెట్టిన పేరు కూడా సెటిల్‌మెంటే. అనువాదకురాలిగా నాకు ఎదురైన ఇబ్బంది ఇది. ఇంగ్లీషులో అమాయకంగా కనిపించే ఆ మాట తెలుగులోకి వచ్చేసరికి భూమి పోయినవాడిని, బంధించబడినవాడిని, బతుకు వెతుక్కుంటూ వచ్చినవాడిని ముగ్గురినీ వెంట తెస్తుంది.

వచ్చినవారు తమతో తెచ్చుకున్నది ఏమిటి? సామాను తక్కువే. గ్రామదేవతను మాత్రం తెచ్చుకున్నారు. వేసవి ముందర ఖరగ్‌పూర్‌లోని తెలుగు పేటల్లో 'మాతపూజలు' జరుగుతాయి. ఆడవాళ్లు పసుపుబట్టలు కట్టుకుని, వేపమండలు పెట్టిన ఘటాలు నెత్తిన పెట్టుకుని డప్పుల వెంట నడుస్తారు. దుర్గాపూజ బెంగాలీలది, మాతపూజ తెలుగువారిది అని ఊరంతటికీ తెలుసు. అయినా మా పేట మాతపూజకు బెంగాలీ పొరుగువారు చందా ఇచ్చేవారు; వారి పందిరికి మా నాన్నగారు కరెంటు తీగెలు కట్టేవారు.

భాషను కూడా తెచ్చుకున్నారు. అది పుస్తకాల తెలుగు కాదు. ఉత్తరాంధ్ర యాస మీద బెంగాలీ, హిందీ పోగులు కలిపి నేసిన తెలుగు. మా ఇంట్లో వంకాయ 'బేగున్', బంగాళాదుంప 'ఆలూ', పక్కింటి పెద్దాయన 'దాదా'. విశాఖపట్నం బంధువులు మా మాట విని నవ్వేవారు. ఇప్పుడు ఆలోచిస్తే, నూరేళ్ల కిందట మా తాతల పల్లెల్లో వాడిన కొన్ని మాటలు ఆ పల్లెల్లోనే మాసిపోయి మా ఖరగ్‌పూర్ క్వార్టర్లలో మిగిలాయి. వలస వెళ్లినవాడు మాటను మారుస్తాడు, నిజమే. కాని కొన్ని మాటలను విడవక పట్టుకుని ఉంటాడు కూడా.

జీవిక

మా ఊరి కాలాన్ని గడియారం కాక వర్క్‌షాపు సైరను నడిపించేది. తెల్లవారి మొదటి కూతకు సైకిళ్లు కదిలేవి. మధ్యాహ్నపు కూతకు ఆడవాళ్లు అన్నం వార్చేవారు. సాయంకాలపు కూతకు పిల్లలం ఆటలు మాని ఇళ్లకు చేరేవాళ్లం. మా నాన్నగారు బ్రతుకంతా చేసిన పని ఒక్కమాటలో చెప్పాలంటే, అరిగిపోయినదాన్ని విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించడం. ఆయన చేరిననాడు ఆవిరి యంత్రాలు. చివర విద్యుత్తు, డీజిలు. బ్రాడ్‌గేజి మీద ఆవిరి యంత్రాలు 1995తో ముగిశాయి. బాయిలరు చప్పుడును బట్టి లోపం ఎక్కడుందో చెప్పగల పనివారి చెవులకు ఆ తరువాత పని లేకుండా పోయింది.

ఈ జీవిక దయాధర్మంగా వచ్చినది కాదు. 1927లో సిబ్బంది తగ్గింపు సమస్యమీద బెంగాల్ నాగపూర్ రైల్వేలో సమ్మె జరిగింది. ఖరగ్‌పూర్ వర్క్‌షాపు ఆ పోరాటానికి నడిబొడ్డు. ఆ రైల్వే కార్మికులను సంఘటితపరచిన నాయకులలో ముఖ్యుడు బరంపురంలో పుట్టిన మన తెలుగువాడు వరాహగిరి వెంకటగిరి. ఆయనే తరువాత 1969లో రాష్ట్రపతి అయ్యారు. చరిత్ర విచిత్రమేమిటంటే, 1974 మేలో దేశవ్యాప్తంగా రైల్వే కార్మికులు సమ్మె చేసి, వేలాదిగా అరెస్టయి, మూడు వారాలలో విరమించవలసి వచ్చినప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఆ పాత రైల్వే యూనియను నాయకుడే. మా ఊళ్లో ముసలివారు ఈ సంగతి నిందగానూ చెప్పరు, పొగడ్తగానూ చెప్పరు. "గిరిగారు మనవోడే" అని మాత్రం అంటారు. ఆ రెండు మాటల్లో వారు చెప్పదలచినదంతా ఉంటుంది.

వర్క్‌షాపు ఒక్కటే ఊరి ఆధారం కాదు. నింపురాలో సరుకుబండ్ల పెద్ద యార్డు ఉంది. సమీపంలో కలైకుండా వైమానిక స్థావరం ఉంది. రెండవ ప్రపంచయుద్ధంలో 1944లో అమెరికా బీ-29 బాంబర్ల దళానికి ఖరగ్‌పూరే ప్రధాన కేంద్రం. ఇటీవలి దశాబ్దాలలో దుక్కఇనుము, ఇనుపగొట్టాలు, మట్టి తవ్వే యంత్రాలు తయారుచేసే కర్మాగారాలు ఊరి వెలుపల వచ్చాయి. అన్నింటికంటె దేశమంతటా తెలిసినది మాత్రం ఐ.ఐ.టి.

ఆ ఐ.ఐ.టి. ఉన్న చోటి పేరు హిజ్లీ. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం స్వాతంత్ర్య సమరయోధులకోసం అక్కడ నిర్బంధ శిబిరం నెలకొల్పింది. 1931 సెప్టెంబరు 16న పోలీసులు ఖైదీలమీద కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను చంపారు. రవీంద్రనాథ్ ఠాగూరు ఆ దురంతాన్ని బహిరంగంగా ఖండించారు. ఇరవై ఏళ్ల తరువాత, 1951 ఆగస్టులో, అదే భవనంలో దేశపు మొదటి ఐ.ఐ.టి.ని మౌలానా ఆజాద్ ప్రారంభించారు. చెరసాల చదువుల నిలయమైన ఉదంతం ఇది. ఏ రాజ్యానికైనా ఇంతకంటె మంచి ప్రతీకారం దొరకదు.

సైబీరియా వ్యాసంలో ఇక్కడ నాకు మళ్లీ మా ఊరు కనిపించింది. నొవొసిబీర్స్క్ నగరానికి దక్షిణాన అడవి నడుమ 1957లో సోవియట్ ప్రభుత్వం అకాడమీ నగరాన్ని కట్టింది. గణితవేత్త లావ్రెంత్యెవ్ దానికి సారథి. మాస్కోను వదలి అంత దూరం వచ్చిన శాస్త్రవేత్తలకు అక్కడ పరిశోధనాలయాలు, విశ్వవిద్యాలయం, ఇళ్లు ఏర్పరచారు. యుద్ధకాలంలో పశ్చిమ రష్యా నుంచి తరలి వచ్చిన కర్మాగారాల కార్మికులు నగరంలో, పండితులు అడవిలో. రైలు పెంచిన ఊరు, దాని పక్కన ప్రభుత్వం నాటిన విద్యానగరం. ఖరగ్‌పూర్‌లోనూ అంతే. స్టేషనుకు ఐ.ఐ.టి.కి నడుమ దూరం రిక్షాలో అరగంట. మనుషుల లెక్కలో అంతకంటె చాలా ఎక్కువ.

ఏటా తెలుగు రాష్ట్రాల నుంచి ఎందరో పిల్లలు ఐ.ఐ.టి.కి వస్తారు. వారు దిగే ప్లాట్‌ఫారం మీద సామాను మోసేవాడు తెలుగువాడు కావచ్చు, టిక్కెట్టు చూచేవాడు తెలుగువాడు కావచ్చు. కాని ఈ ఇద్దరు తెలుగువారూ ఒకరితో ఒకరు హిందీలో మాట్లాడుకుంటారు. నేను కాలేజీలో చదివేటప్పుడు ఒక ఐ.ఐ.టి. విద్యార్థిని గోల్‌బజారులో కూరలవాడితో బేరమాడలేక తికమకపడుతుంటే మా అమ్మ తెలుగులో పలకరించింది. ఆ అమ్మాయి ఆశ్చర్యపోయి, "మీరు ఇక్కడ ఎన్నాళ్ల నుంచి ఉన్నారండీ?" అని అడిగింది. "నేను ఇక్కడే పుట్టినానమ్మా. మా అయ్యా ఇక్కడే పన్జేసినాడు" అన్నది అమ్మ. నాలుగేళ్లు ఉండి వెళ్లేవారికి ఊరి చరిత్ర తెలుసుకునే అవసరం రాదు. నాలుగు తరాలు ఉన్నవారికి దాన్ని చెప్పే అవకాశం రాదు.

నాలుగవ శీర్షిక

మూడు శీర్షికలూ అయిపోయాయి. నేల చెప్పాను, జనం చెప్పాను, జీవిక చెప్పాను. ప్రాంతీయ వ్యాసం ఇక్కడ ఆగిపోతుంది. ఖరగ్‌పూర్ తెలుగువాడి అసలు సమస్య మాత్రం ఇక్కడే మొదలవుతుంది. పని ముగిసిన తరువాత మనిషి ఎక్కడ ఉండాలి?

రైల్వే క్వార్టరు పనితోపాటు వస్తుంది, పనితోపాటు పోతుంది. ఇందులో అన్యాయం లేదు. తరువాత వచ్చే పనివాడికి కూడా ఇల్లు కావాలి. కాని ముప్పయి, నలభై ఏళ్లు ఒక గోడకు సున్నం వేసుకుని, ఒక పెరట్లో మునగచెట్టు పెంచుకున్న మనిషికి ఆ నియమం నోటీసుగా అందేదాకా బోధపడదు. మా పక్క క్వార్టరు పెద్దాయన పదవీవిరమణ చేసి తాళం అప్పగించిన రోజున మా నాన్నగారితో అన్న మాట ఇది: "ఇల్లు ఆళ్లది, ఇచ్చీసినాం. చెట్టు మనం ఏసినాం. చెట్టునేటి సేస్తాం?"

ఆయన ముందు మూడు దారులున్నాయి. ఇందాలోనో మలంచాలోనో జాగా కొని ఇల్లు కట్టుకోవడం మొదటిది; దానికి డబ్బు కావాలి. పూర్వుల పల్లెకు తిరిగి వెళ్లడం రెండవది. అక్కడ నేల లేకనే గదా ఇక్కడికి వచ్చారు. కొడుకో కూతురో ఎక్కడ ఉద్యోగం చేస్తుంటే అక్కడికి పోవడం మూడవది. పూర్వం ఒక నాలుగవ దారి ఉండేది: కొడుకు అదే వర్క్‌షాపులో చేరితే ఆ కుటుంబం మరొక క్వార్టరులోకి మారేది. పోటీపరీక్షలతో, ఉద్యోగాల తగ్గింపుతో ఆ దారి ఇరుకయింది. పెద్దాయన రెండవ దారి పట్టారు. పల్లెలో ఆయనను 'ఖరగ్‌పూర్‌వాడు' అని పిలిచారట. ఖరగ్‌పూర్‌లో నలభై ఏళ్లు ఆయన 'మద్రాసీ'. ఆయన తిరిగి ఖరగ్‌పూర్ చేరి, మలంచాలో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. మునగచెట్టు ఉన్న పాత క్వార్టరు ముందు నుంచి రోజూ ఉదయం నడిచి వెళ్లేవారు.

కంపెనీ పోయి ప్రభుత్వం వచ్చినా, పేర్లు మారినా, పట్టాల బంధం మాత్రం చాలాకాలం నిలిచింది. బెంగాల్ నాగపూర్ రైల్వేను 1944లో ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. ఖరగ్‌పూర్, వాల్తేరు రెండూ అందులోనే ఉండేవి. మా తండ్రుల తరంవారు రైల్వే పటంలో ఇల్లూ ఊరూ రెండూ ఒకే రంగులో చూచుకున్నారు. 2003లో తూర్పుతీర రైల్వే ఏర్పడి వాల్తేరు డివిజను దానిలోకి వెళ్లింది. పరిపాలనకు అది అవసరమే కావచ్చు. మా పేటలో మాత్రం ఆ రోజున ఒక ముసలమ్మ, "మన ఊరు పరాయి రైల్వేకి ఎల్లిపోనాది" అన్నది. పటాలు గీసేవారికి వినబడని వాక్యమది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఆ వార్త విని మా ఊళ్లో సంతోషించనివారు లేరు. ఎందుకంటే, 'మీరు ఇక్కడివారే' అని ప్రభుత్వం తన నోటితో అనడం అది. అయినా హోదా తలుపు తీస్తుంది. లోపలికి నడవవలసినవారు పిల్లలు. నా చిన్నతనంలో తెలుగు చదవడానికి మాకు బలమైన కారణాలుండేవి. పల్లె నుంచి వచ్చిన ఉత్తరం చదివి వినిపించాలి, జవాబు రాయాలి. మాస్కోలో అచ్చయి చవకగా దొరికిన తెలుగు బొమ్మల పుస్తకాలు ఉండేవి. ఉప్పల లక్ష్మణరావుగారివంటి తెలుగువారు మాస్కోలోనే కూర్చుని రష్యన్ పుస్తకాలను తెలుగులోకి తెచ్చేవారని పెద్దయ్యాక తెలిసింది. సైబీరియా మంచును నేను మొదట చూచినది ఖరగ్‌పూర్ ఎండలో, తెలుగు అక్షరాల్లో. అనువాదం అన్న పని ఒకటి లోకంలో ఉందని నాకు తెలిపినవి ఆ పుస్తకాలే. ఇప్పటి పిల్లలకు ఉత్తరాలు లేవు. ఫోనులో మాట సరిపోతుంది. చదవడానికి కారణం లేని లిపిని ఏ ఉత్తర్వూ నిలబెట్టలేదు. వారికి కొత్త కారణాన్ని మనమే చూపాలి. ఐ.ఐ.టి.కి వచ్చే తెలుగు పిల్లలూ, రైల్వే పేటల తెలుగు పిల్లలూ వారానికొకసారి ఒక గదిలో కూర్చుని ఒక పుస్తకం చదివినా అది ఒక మంచి కారణమే.

ఇక ఆ వాక్యం సంగతి. సెటిల్‌మెంట్ అన్న మాటకు 'వలసవాడ' అని రాసి చూచాను. 'కార్మిక నివాసం' అని రాసి చూచాను. మొదటిది వచ్చినవారిని ఎప్పటికీ వచ్చినవారిగానే ఉంచుతుంది. రెండవది ప్రభుత్వ కాగితంలోని మాట. చివరకు మా అమ్మ వాడే మాట అక్కరకు వచ్చింది. ఎవరి కొత్త కాపురం గురించి విన్నా ఆమె అడిగే మొదటి ప్రశ్న, "కుదురుకున్నారా?" అని. కుదురు అంటే గుండ్రని కుండ ఒరిగిపోకుండా అడుగున పెట్టే గడ్డిచుట్ట. మట్టికుండ తనంత తాను నిలవలేదు. నేల ఎంత చదునుగా ఉన్నా దొర్లుతుంది. ఎవరో ఒకరు గడ్డి తెచ్చి, చుట్టి, దాని కింద పెట్టాలి. 'వంతెన కట్టడానికి వచ్చిన కూలీలు కుదురుకున్న ఊరుగా ఆ నగరం మొదలయింది' అని రాశాను. సంపాదకులు మార్చలేదు.

ఒక ప్రాంతాన్ని వర్ణించే వ్యాసానికి నాలుగవ శీర్షిక ఒకటి ఉండాలని ఆనాటి నుంచి నాకు అనిపిస్తుంది. ఇక్కడివారు ఎక్కడి నుంచి వచ్చారు? ఎవరి నేలమీద ఉన్నారు? పని తీరిపోయిన తరువాత వారిని ఈ ఊరు ఉండనిస్తుందా? ఉంటే ఏ భాషలో ఉంటారు? ఓబ్ తీరాన అడిగినా, కంసావతి తీరాన అడిగినా ఈ ప్రశ్నలకు జవాబు అంకెల్లో దొరకదు. నేలను కంపెనీలు కొంటాయి, ప్రభుత్వాలు పంచుతాయి, రైల్వేలు తమలో తాము మార్చుకుంటాయి. కుదురును మాత్రం ఇరుగుపొరుగు చుట్టాలి. మాతపూజకు చందా ఇచ్చిన బెంగాలీ పొరుగువారు, పందిరికి తీగెలు కట్టిన ఫిట్టరు, బజారులో పరాయి పిల్లను తెలుగులో పలకరించిన ఆమె, వీరందరూ తలొక పిడికెడు గడ్డి వేశారు. మూడున్నర వేలమంది ఉన్న ఎర్రనేల రెండు లక్షలమందికి ఊరయింది అందువల్లనే.